అభిప్రాయాల గంట

మా ఇంట్లో సినిమాలన్నీ నేను వంటింట్లోంచే చూశాను. చూశాననడం తప్పు, విన్నాను. సింకు దగ్గర నిలబడి గిన్నెలు తోముతూ వింటే ఏ సినిమా అయినా ఒకలాగే ఉంటుంది. ముందు నవ్వులు, ఆ తర్వాత పాట, ఆ తర్వాత ఎవరో ఎవర్నో తన్నడం, చివర్లో ఒకావిడ ఏడుపు. ఆ ఏడుపు వినపడిందంటే కంచాలు పెట్టే వేళయిందని అర్థం. కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని హాల్లోకి వచ్చేసరికి తెర మీద పేర్లు పడుతుంటాయి. మా ఆయన కాళ్లు బార్లా చాపుకుని తీర్పు చెబుతుంటారు. "ఫస్టాఫ్ సాగదీశాడు. సెకండాఫే నిలబెట్టింది." ఏ సినిమాకైనా ఇదే తీర్పు. మా అత్తగారు పక్కనుంచి "అవున్రా" అంటారు. నేనేదో అనబోతే ఆయన "నువ్వు చూళ్లేదుగా" అంటారు. నిజమే, చూళ్లేదు. ఎందుకు చూళ్లేదో వాళ్లు అడగరు, నేనూ చెప్పను.

అలాంటి దాన్ని ఈ వయసులో సాయంకాలం కాలేజీలో చేరాను. చదువు మీద ప్రేమతో చేరానంటే వినడానికి బాగుంటుంది గానీ, నిజానికి ఒళ్లు మండి చేరాను. ఆఫీసులో నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లంతా డిగ్రీ పుణ్యమా అని ఒక్కొక్కరే నా పై కుర్చీల్లోకి వెళ్లిపోయారు. నేను తయారుచేసిన కాగితాలు మీటింగులో చదువుతూ, మధ్యలో నా వైపు తిరిగి "టీ సంగతి కాస్త చూడండి మేడం" అనేవారు. చూసేదాన్ని. ట్రే పట్టుకుని తిరిగి వచ్చేసరికి నా కాగితాల గురించి మాట్లాడుకోవడం అయిపోయేది. కాలేజీలో చేరతానంటే మా ఆయన కాదనలేదు. "వెళ్తే వెళ్లు, ఇంట్లో ఏ పనీ ఆగకూడదు" అన్నారు. ఏదీ ఆగలేదు. తెల్లారకుండానే రెండు పూటల వంటా చేసి, బట్టలు ఆరేసి, ఆఫీసుకి పోయి, అక్కణ్ణుంచి అటే క్లాసుకి పోయి, తిరిగొచ్చి మళ్లీ సింకు దగ్గర నిలబడేదాన్ని. "మా కోడలు కాలేజీకెళ్తోంది, ఏం చేస్తాం" అని మా అత్తగారు ఫోన్లో చెబుతుంటే, ఇంట్లో ఎవరికో జబ్బు చేసిందేమో అనిపించేది.

ప్రతి శుక్రవారం కాలేజీలో చివరి గంటలో మా మేడం ఒక ఆట ఆడించేవారు. దానికి అభిప్రాయాల గంట అని పేరు పెట్టారు. ఒక పాత బిస్కెట్ల డబ్బాలో చీటీలు. కొన్నింటి మీద రాజకీయం అని, కొన్నింటి మీద సినిమా అని, కొన్నింటి మీద మనిషి స్వభావం అని రాసి ఉండేది. చీటీ తీసినవాళ్లు కూర్చున్నచోటే కూర్చుని, పిచ్చాపాటీ మాట్లాడుకున్నట్టు, తమకేమనిపిస్తుందో చెప్పాలి. లేచి నిలబడకూడదు. లేచి నిలబడితే అందరూ ఉపన్యాసం మొదలుపెడతారని ఆవిడ భయం. "తప్పూ ఒప్పూ లేదు, మార్కులు అసలే లేవు. నీకేమనిపించిందో అది చాలు" అనేవారు. మార్కుల్లేని పని నాకు అలవాటే కాబట్టి నేను కంగారు పడలేదు.

మొదటిసారి నాకు సినిమా వచ్చింది. అప్పట్లో అందరూ చూస్తున్న సినిమా గురించే అడిగారు. "ఫస్టాఫ్ సాగదీశాడు. సెకండాఫే నిలబెట్టింది" అన్నాను, చెయ్యి గాల్లో ఒకసారి ఊపి. క్లాసంతా చప్పట్లు. "ఆంటీ ఇరగదీశారు" అని వెనక బెంచీలోంచి ఎవరో అరిచారు. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని పొంగిపోయాను. నా మాటకి ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదలు మరి. దిగే చోటు దగ్గరికొచ్చాక తట్టింది, ఆ మాట మా ఆయనది. చెయ్యి ఊపడం కూడా ఆయనదే. సినిమా అయితే నేను చూడనేలేదు.

తర్వాతోసారి రాజకీయం వచ్చింది. "ఎవరొస్తే మనకేంటండీ, అందరూ ఆ తానులో ముక్కలే" అన్నాను. అది మా నాన్న మాట. పేపరు మడిచి పక్కన పడేసేటప్పుడు రోజూ అనేవాడు. ఓటు సంగతికొస్తే, పెళ్లికి ముందు నాన్న చెప్పిన గుర్తుకి వేశాను, పెళ్లయ్యాక మా ఆయన చెప్పిన గుర్తుకి వేస్తున్నాను. ఇంట్లో ఓట్లు చీలకూడదట. ఆ మరుసటిసారి మనిషి స్వభావం వస్తే "ఆడదానికి ఆడదే శత్రువు" అన్నాను. అది మా అత్తగారి సొత్తు. నా వెనక ఎప్పుడూ పెన్ను మూత కొరుకుతూ కూర్చునే ఒక అమ్మాయి ఉంది. అది మూత నోట్లోంచి తీసి అడిగింది.

"అయితే అక్కా, మీ శత్రువెవరో చెప్పండి, విందాం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాకు జవాబు తెలియనప్పుడల్లా నవ్వుతాను.

ఆ వారమంతా బీరువా సర్దినట్టు బుర్రంతా బయటేసి వెతికాను. పైన మా నాన్న మాటలు, మధ్యలో మా ఆయనవి, అడుగున మా అత్తగారివి, మా అమ్మవి, ఆఫీసువాళ్లవి. మడతలు పెట్టి, కలరా ఉండలు వేసి ఇన్నాళ్లూ భద్రంగా దాచింది నేనే. అందులో నాదంటూ ఒక్కటైనా ఉందా? నాకు ఏ రంగిష్టం? ఆయనకి నచ్చని రంగులన్నీ తీసేశాక మిగిలింది. ఏ కూరిష్టం? అందరికీ వడ్డించాక గిన్నెలో మిగిలింది. ఒక మనిషి ఇన్నేళ్లు బతికి, ఇద్దరు పిల్లల్ని పెంచి, వాళ్లని హాస్టళ్లకి పంపి, తన కూరేదో చెప్పలేకపోవడం ఎంత ఘోరం. బియ్యం కడుగుతూ ఏడుపొచ్చింది. ఏడుస్తుంటే మా అత్తగారు వంటింట్లోకి వచ్చి చూసి, "అన్నీ నెత్తినేసుకుంటే ఇంతే మరి" అని మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు.

ఆదివారం సినిమా మొదలవగానే కుళాయి కట్టేసి హాల్లోకి వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. గిన్నెలు సింకులోనే ఉన్నాయి. మా అత్తగారు కంగారుగా చూశారు. "ఒంట్లో బాగాలేదా అమ్మాయ్?" అన్నారు. బాగానే ఉందన్నాను. మా ఆయన కాసేపటికి మంచినీళ్లడిగారు. ఇచ్చి మళ్లీ వచ్చి కూర్చున్నాను. ఫస్టాఫ్ ఆయనన్నంత సాగలేదు. మధ్యలో ఒకచోట హీరోయిన్ పదిమందిలో హీరో చెప్పింది తప్పంటుంది. హీరో చెంప మీద ఒకటిస్తాడు. ఆ పిల్ల చెంప మీద చెయ్యి పెట్టుకుని ఒక్క క్షణం ఆగి, నవ్వుతుంది. పాట మొదలవుతుంది. మా అత్తగారు కూడా నవ్వారు.

నాకు చెంప మండింది.

పోయిన ఏడాది మా ఆయన ఆఫీసు మేనేజరుగారు, ఆయన భార్య మా ఇంటికి భోజనానికి వచ్చారు. ఫలానా సినిమా మా పెళ్లిరోజున ఇద్దరం కలిసి సినిమా హాల్లో చూశామని ఈయన గొప్పగా చెబుతున్నారు. నేను కూర వడ్డిస్తూ, ఎందుకన్నానో అన్నాను, "లేదండీ, ఆ రోజు మీకు జ్వరం, మనం వెళ్లలేదు." ఈయన చెయ్యి లేచింది, నా చెంప మీద పడింది. "మధ్యలో నీకెందుకే?" గరిటె కింద పడింది. ఆ ఇద్దరూ ఎటు చూడాలో తెలియక కంచాల్లోకి చూస్తున్నారు. వచ్చినవాళ్లు ఇబ్బంది పడుతున్నారని, అన్నం మానేసి లేస్తారేమోనని, నేను నవ్వాను. గట్టిగానే నవ్వాను. హమ్మయ్య అన్నట్టు వాళ్లూ నవ్వారు. "మీ ఆవిడకి సరసం ఎక్కువండీ" అన్నారు మేనేజరుగారు. గరిటె కడుక్కొచ్చి మారు వడ్డించాను. ఆ రాత్రికే అది మా ఇంట్లో హాస్యం అయిపోయింది. నేను కూడా దాన్ని హాస్యాల అరలోనే పెట్టి తలుపేశాను.

తెర మీద ఆ పాట ఇంకా నడుస్తోంది. "ఆ పిల్ల నవ్వకూడదు" అన్నాను. పైకే అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"ఏంటి?" అన్నారాయన తెర మీంచి కళ్లు తిప్పకుండా.

"కొడితే నవ్వకూడదు. దానికి నవ్వొచ్చి ఉండదు."

ఆయన ముందు పెద్దగా నవ్వారు. "చూశావా అమ్మా, నీ కోడలు సినిమాల్లో తప్పులు పడుతోంది." ఆ తర్వాత నా మొహం చూశారు. నేను ఏ సినిమా గురించి మాట్లాడుతున్నానో ఆయనకి అర్థమైందనుకుంటాను. నవ్వు ఆపేసి టీవీ కట్టేశారు. నేను వెళ్లి గిన్నెలు తోముకున్నాను. సబ్బు నురగలో చేతులు పెట్టుకుని నాలో నేను ఆ మాటే మళ్లీ మళ్లీ అనుకున్నాను. బీరువాలో ఎవరి అరలోనూ లేని మాట. ఇది నాది.

బుధవారం పొద్దున ఆయన బూట్లు వేసుకుంటూ చెప్పారు.

"శుక్రవారం మేనేజరుగారు వాళ్లు భోజనానికి వస్తున్నారు. ఇంట్లో ఉండు."

"శుక్రవారం క్లాసుందండీ."

"ఇక ఉండదు. చదువుకుని ఏదో బాగుపడతావనుకున్నాను. నోరు పెంచుకుని వస్తావనుకోలేదు."

మా అత్తగారు "వాడు నీ మంచికే చెప్తాడమ్మాయ్. ఆడవాళ్ల చదువు పెళ్లిదాకానే" అన్నారు. ఈయన లేస్ ముడి వేసుకుని వెళ్లిపోయారు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.

శుక్రవారం ఆఫీసుకి సెలవు పెట్టి వండాను. మేనేజరుగారు, ఆవిడ వచ్చారు, పోయినసారి కూర్చున్న కుర్చీల్లోనే కూర్చున్నారు. గోడ గడియారం చూశాను. సరిగ్గా అభిప్రాయాల గంట. ఈపాటికి బిస్కెట్ల డబ్బా నా బెంచీ దగ్గరికి వచ్చి ఉంటుంది. పెన్ను మూత కొరికే పిల్ల నా ఖాళీ చోటు చూస్తూ ఉంటుంది.

"మీరు కాలేజీలో చేరారట కదా, ఎలా ఉంది?" అని మేనేజరుగారి భార్య నన్నే అడిగింది. జవాబు మాత్రం మా ఆయన దగ్గర్నుంచి వచ్చింది.

"మానేసిందండీ. తనకే విసుగొచ్చింది. ఈ వయసులో పుస్తకాలూ అవీ నావల్ల కాదు బాబోయ్ అంది." కాలేజీ మాన్పించింది చాలక, నా నోట్లో నా మాటలు కూడా ఆయనే పెట్టేశారు. నా వైపు చూసి, "కదూ?" అన్నారు.

ఆ కదూ అన్నాక నేనేం చెయ్యాలో ఆ గదిలో అందరికీ తెలుసు. మా అత్తగారు ముందే నవ్వు మొదలుపెట్టేశారు. మేనేజరుగారు నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. నేను నవ్వితే చాలు, భోజనం సాఫీగా సాగిపోతుంది. నవ్వకపోతే, వీళ్లు వెళ్లి తలుపు పడ్డాక ఏమవుతుందో కూడా నాకు తెలుసు. భయమేసింది. చేతిలోని కూరగిన్నె బల్ల మీద పెట్టి, ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను. వచ్చినవాళ్లు తింటుండగా ఆ ఇంట్లో నేను కూర్చోవడం అదే మొదటిసారి.

"లేదండీ" అన్నాను ఆవిడతో. "నాకు విసుగు రాలేదు. ఈయన మాన్పించారు. వచ్చే వారం నుంచి మళ్లీ వెళ్తాను."

"ఏయ్" అన్నారు మా ఆయన, మెల్లిగా.

ఆవిడ చేతిలో ముద్ద కంచంలోకి జారింది. నా మొహం వైపే చూస్తోంది, పోయినసారి చూడలేకపోయింది.

"ఇంకో మాట. పోయినసారి మీరిద్దరూ ఇక్కడే కూర్చుని ఉండగా ఈయన నన్ను కొట్టారు, నేను నవ్వాను, గుర్తుందా? ఆ రోజు నాకు నవ్వు రాలేదండీ. నొప్పేసింది."