తుంటి మార్చిన మర్నాడు

మా అన్న తిరుపతిని ఆ రోజు నిలబెడతామన్నారు. పొద్దున్నుంచీ నాకు కాలు ఒకచోట నిలవలేదు. అమ్మను తీసుకుని మీర్‌పేట్ నుంచి ఎల్బీనగర్ దవాఖానకు ఆటోలో బయల్దేరాను. దారిలో అమ్మ తుమ్మింది. ఒకసారి కాదు, వరుసగా.

"దుమ్ము బిడ్డా," అంది.

"దుమ్ము కాదే, జలుబు. నువ్వు లోపలికి రావొద్దు."

అన్నకు కిడ్నీ ఇచ్చింది అమ్మే. ఆ కిడ్నీని ఒళ్ళు పరాయిదని తోసిపుచ్చకుండా అన్న రోజూ మందులు మింగుతాడు. వాటిలో ఒకదానివల్లే కుడి తుంటి ఎముకకు రక్తం అందక కుంగిపోయింది. దిల్‌సుఖ్‌నగర్ రూట్లో షేర్ ఆటో నడిపే మనిషి, బ్రేకు తొక్కలేక ఏడాదిగా మంచం పట్టాడు. ముందురోజే కొత్త కీలు వేశారు. ఆ మందులతో ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి తక్కువని, జలుబున్నవాళ్ళను దగ్గరికి రానివ్వద్దని డాక్టర్ నాకు మరీ మరీ చెప్పారు.

అన్న గది ఉన్న వరండా చివరి అద్దం తలుపు బయటే అమ్మను ఆపేశాను.

"నా కిడ్నీ లోపలుండొచ్చు గానీ నేను పోవద్దా? ఏం న్యాయమే ఇది!"

"ఆ కిడ్నీ కోసమే చెప్తున్న అమ్మా."

"డిగ్రీ చదివి నేర్సింది ఇదేనా, కన్నతల్లిని ఆపుడు?"

నాకు ఏడుపొచ్చింది. అయినా తలుపు మూసి, నేను మాస్కు పెట్టుకుని అన్న గదిలోకి వెళ్ళాను.

"అమ్మేది?" అన్నాడు. చెప్పాను.

"అయితే నేనే పోతా ఆడికి!"

ఫిజియోథెరపీ చేయించే రూబీ మేడమ్ నవ్వింది. "ఇయ్యాల నిలబడితే సాలు, తిరుపతన్నా."

"నిలబడి ఎవరికి సూపియ్యాలె మేడమ్? సూసెటామె బయటున్నది."

మేడమ్ బీపీ చూసింది, నొప్పి అడిగింది. వాకర్ ముందుకు జరిపి, "మెల్లగ. నేను ఆగమంటే ఆగాలె," అంది.

అన్న లేచాడు! పళ్ళు బిగబట్టి కుడికాలు మోపాడు. మోపింది నిలిచింది. గది దాటాడు, వరండాలోకి వచ్చాడు. నేను చప్పట్లు కొడుతున్నానని మేడమ్ కసిరేదాకా నాకే తెలియలేదు.

అద్దం అవతల అమ్మ రెండు చేతులూ చాచింది. అన్న దగ్గరపడుతున్నకొద్దీ ఆ చేతులు దించి, కొంగు మూతికి అదుముకుని, వెనక్కి జరగసాగింది.

"ఏందే, నేనొస్తుంటే ఎనక్కి పోతున్నవ్?" అని అరిచాడు అన్న.

అద్దంలోంచి కూడా అమ్మ గొంతు ఖంగున వినిపించింది.

"ఆడనే ఆగురా! నాకు జలుబు!"