తొలి నీళ్లు

జల విభాగంలో పథకాలు తయారుచేసే ఇంజినీరమ్మకి ఆ వీధికి నిధులు రాబట్టేసరికి తాతలు దిగొచ్చారు. పాత సీసపు గొట్టాలు పీకి కొత్తవి వేయాలంటే డబ్బు కావాలి, డబ్బిచ్చేవాళ్లకి అంచనాలు కావాలి, అంచనాలు చూసేవాళ్లకి తీరిక కావాలి. ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. తీరా మంజూరయ్యాక ఒక మెలిక పెట్టారు. వీధి గొట్టం నుంచి వంటింటి కుళాయి దాకా అన్ని ఇళ్లకీ ఒకేసారి మార్చాలి. సగం కోసి సగం వదిలేస్తే, కదిలిన పాత గొట్టం నీళ్లలోకి ఇంకా ఎక్కువ సీసం వదులుతుంది. న్యాయమైన మెలికే. కానీ ఈ సాయంత్రంలోగా ఏ ఒక్క ఇల్లు సంతకం పెట్టకపోయినా డబ్బు వేరే వీధికి పోతుంది.

అందరూ ఒప్పుకున్నారు. ససేమిరా అన్నది ఒక్క మనిషే. ఆ మనిషి ఇంజినీరమ్మ సొంత అక్క.

తెల్లారగానే అక్క ఇంటికి వెళ్లింది. అక్క వంటింట్లో కుళాయి పక్కన పీట వేసుకుని కూర్చుని, నోటి మీద వేలేసుకుని ఉష్ అంది. గోడలో గొట్టం టక్ టక్ టక్ మంది.

"లేచింది" అంది అక్క, మొహం విప్పారి.

చిట్టి అంటే అక్క కూతురు. స్పూనుతో ఆ గొట్టాన్ని కొట్టడం దాని ఆట. దానికి మాటలు ఆలస్యం, నడక ఆలస్యం, ఆ తర్వాత మూర్ఛలు. బడి వయసు రాకుండానే పోయింది. డాక్టర్లు కారణం తేల్చలేకపోయారు. అయినవాళ్లు మాత్రం తలా ఒకటి తేల్చేశారు. పంపుహౌసులో వాల్వు తిప్పితే గొట్టంలో గాలి కదులుతుందనీ, గోడకున్న బిగింపు వదులైందనీ ఇంజినీరమ్మకి తెలుసు. కానీ చిట్టి కూడా మూడుసార్లే కొట్టేది.

"ఈ గొట్టం కోసేస్తే అదెక్కడికి పోతుందే?"

"అది గాలి అక్కా."

"నీ చదువు నీ దగ్గరుంచుకో. ఇన్నేళ్లు ఈ నీళ్లే తాగాం, ఏమైంది మనకి? గుండ్రాళ్లలా ఉన్నాం."

"పెద్దవాళ్లం తట్టుకుంటాం. పసిపిల్లలకి..." అని నాలిక కరుచుకుంది.

"పసిపిల్లలకి ఏమవుతుంది?"

ఈ వీధి నీళ్ల పరీక్షల ఫలితాలు వచ్చినప్పటి నుంచి ఇంజినీరమ్మకి కంటి మీద కునుకు లేదు. తనని తల్లిలా పెంచిన అక్క ఇది. చిట్టి సంగతి తలపుకి రాకుండా ఈమె చేత సంతకం పెట్టించాలి, అంతే. తెలిస్తే ఈ మనిషి మిగలదు.

అంతలో పక్కింటి దర్జీ కోడలు పసిపిల్లని భుజాన వేసుకుని చెంబుతో వచ్చింది. "పిన్నిగారూ, మా కుళాయి సన్నగా వస్తోంది. పాలపొడి కలపాలి, కాసిని నీళ్లిస్తారా?"

"అయ్యో, దానికేం భాగ్యం! ఇంకా ఎవరూ పట్టలేదమ్మా. పసిదానికి తొలి నీళ్లే మంచివి."

అక్క ఒక్కతే కాదు, ఆ వీధి ఆడవాళ్లందరిదీ అదే మాట. రాత్రంతా కదలకుండా తేరుకున్న నీళ్లు, ఇంకొకరి చెయ్యి పడని నీళ్లు పసివాళ్లవి. సీసం ఎక్కువగా దిగేది అలా నిలిచిన నీళ్లలోకే. కుళాయి కాసేపు వదిలేసి ఆ తర్వాత పట్టుకోండని జల విభాగం ఇంటింటికీ కాగితాలు పంచితే, నీళ్లు పారబోయమనే వాళ్లూ ఉంటారా అని నవ్వి వాటిని అలమర్లలో పరుచుకున్నారు.

చెంబు నిండింది. అక్క అందించబోయింది. ఇంజినీరమ్మ తనకి తెలియకుండానే చెంబు లాక్కుని తూములో ఒంపేసింది.

"వద్దక్కా. ఈ నీళ్లు వద్దు. కాచినా వద్దు."

దర్జీ కోడలు బిక్కచచ్చిపోయింది. అక్క చెల్లెలి మొహంలోకి చూసింది.

"నేను చిట్టికి ఇవే కదే పట్టింది" అంది నెమ్మదిగా. "అందరికంటే ముందు లేచి మరీ."

కాదనాలి. "దీనివల్లేనని ఎవరూ చెప్పలేరక్కా" అంది ఇంజినీరమ్మ. నిజమే చెప్పింది. ఆ నిజం ఎందుకూ కొరగాలేదు.

అక్క గొట్టం వైపు తిరిగింది. ఇప్పుడా మొహంలో భయం ఉంది. "ఆడుకుంటోందనుకున్నాను. వద్దని చెబుతోందేమో, ఇన్నాళ్లూ."

అక్క ఏడిస్తే బాగుండుననిపించింది ఇంజినీరమ్మకి. అక్క ఏడవలేదు, సంతకం పెట్టింది.

"ఎప్పటికి మారుస్తారు?"

"వానలు వెళ్లేసరికి అయిపోతుంది."

"అందాకా ఈ పిల్లలు?"

"ట్యాంకరు పంపిస్తాం. మళ్లీ కాగితాలు పంచుతాం."

"నీ కాగితాలు ఎవరు చూశారే?" అంటూ అక్క చెప్పులేసుకుంది.

ఎదురింటి గుమ్మంలో నిలబడి పిల్లాడి తల్లిని కేకేసింది. ఆవిడ పిండి చేతులతో వచ్చింది. "నేను చెబుతానుండక్కా" అని చెల్లెలు భుజం పట్టుకుంది. అక్క విడిపించుకుంది.

"నీ పిల్లాడికి తొలి నీళ్లు పట్టకమ్మా. ట్యాంకరు వచ్చేదాకా కుళాయి బాగా వదిలేశాకే పట్టు."

"అదేంటండీ, ఎందుకని?"

"నేను పట్టాను" అంది అక్క.

ఆ వీధిలో చిట్టిని ఎరగని ఇల్లు లేదు. అక్క ఆ పక్కింటి గుమ్మం వైపు నడిచింది.