గోరువెచ్చని పాలు

ఆ ఇంట్లో పెరుగు పేరుకోవడం మానేసింది.

మొదటిరోజు పాలు మంచివి కావనుకున్నారు. మర్నాడు చలి మీదికి నెట్టారు. ఆ తర్వాత కూడా మూత తీసేసరికి పాలు పాలుగానే ఉండడంతో నాన్నమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆ వీధిలో ఎవరింట్లో తోడు అయిపోయినా గిన్నె పట్టుకుని వచ్చేది ఆమె దగ్గరికే. ఆమె చేతి పెరుగు గిన్నె వంచినా కదలదని పేరు. అలాంటి మనిషి ఇప్పుడు పక్కింటికి తనే గిన్నె పంపించాల్సి వచ్చింది. తను వెళ్ళడానికి మొహం చెల్లక మనవరాలిని పంపింది.

మనవరాలిని ఇంట్లో అందరూ పిల్లి అంటారు. అడుగుల చప్పుడు ఉండదు, నోట మాట ఉండదు. ఇంటికి కొత్తవాళ్ళు వస్తే తలుపు సందులోంచి రెండు కళ్ళు మాత్రం కనిపిస్తాయి. పక్కింటి గుమ్మంలో నిలబడి గిన్నెను అటూ ఇటూ తిప్పుతూ నీళ్ళు నములుతుంటే, పక్కింటావిడే జాలిపడి అడిగింది.

"తోడుకా? మీ నాన్నమ్మకే తోడు కరువైందా! విడ్డూరంగా ఉందే!"

పిల్లి తలూపి, చెంచాడు పెరుగు వేయించుకుని, గోడ వారగా ఇంటికి వచ్చేసింది.

అరువు తెచ్చిన తోడు కూడా పనిచేయలేదు. భోజనాల దగ్గర నాన్న, "పాలగిన్నె పక్కన పిల్లిని తిరగనిస్తే ఇంకేం పేరుకుంటుంది?" అని నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. నాన్నమ్మ ఆ మాట వినపడనట్టు కంచం వైపే చూస్తూ తిన్నది.

పొద్దున అమ్మ పాలవాడిని గుమ్మంలోనే నిలదీసింది.

"ఏమయ్యా, పాలు పోస్తున్నావా, క్యాను కడిగిన నీళ్ళు పోస్తున్నావా?"

"అమ్మా, అందరికీ ఇదే క్యానులోంచి పోస్తున్నా. పక్కింటావిడకి కత్తితో కోసినట్టు పేరుకుంటోంది. మీ గడప తొక్కగానే నా పాలకి బుద్ధి మారుతుందా?"

అమ్మ పాలు పోయించుకుంది. వంటింట్లోకి వచ్చి, మెల్లగానే అంది. "పోనీ కొన్నాళ్ళు నేను తోడేస్తాలెండి, అత్తయ్యా."

"వెయ్యమ్మా. స్టవ్వు కూడా నువ్వే చూసుకో. నన్ను ఆ కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీతో పాటు రోజూ దుమ్ము దులుపు."

"ఇప్పుడు నేనేమన్నానని..."

"నువ్వేమీ అనలేదు. పనికి వేళవుతోంది, వెళ్ళు."

అమ్మ లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తుంది. ఆలస్యమైతే అక్కడ ఊరుకోరు. పెదవులు బిగించి చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం పిల్లి వంటింటి మూల నేల మీద కూర్చుని బడి పాఠం చదువుకుంటోంది. నాన్నమ్మ పాలు కాచింది. పొంగు రాగానే మంట తగ్గించి, మీగడ కట్టకుండా గరిటెతో తిప్పింది. దించి గట్టు మీద పెట్టింది. అంతా ఎప్పటిలాగే చేసింది. కాసేపటికి చిటికెన వేలు పాలల్లో ముంచింది. వేడి చూడడానికి ఆమె పద్ధతి అది. వేలు కాలకూడదు, చల్లగానూ అనిపించకూడదు. "వేలు పాలల్లో ఉందో లేదో మర్చిపోవాలి, అప్పుడు వెయ్యాలి తోడు" అని ఎన్నిసార్లో చెప్పింది.

కానీ గిన్నె మీద ఇంకా ఆవిరి లేస్తోంది. కిటికీ అద్దం మీద చెమ్మ పడుతోంది. నాన్నమ్మ వేలు అలాగే ఉంచింది. "ఆ, గోరువెచ్చగా ఉంది" అని తనలో తను అనుకుంటూ తోడు వేసి మూత పెట్టింది.

ఆమె అటు వెళ్ళగానే పిల్లి లేచి గిన్నెను ముట్టుకుంది. చురుక్కుమంది. చెయ్యి వెనక్కి లాక్కుని నోట్లో పెట్టుకుంది. ఆ వేడికి తోడు బతకదు. పాలవాడి తప్పూ లేదు, చలి తప్పూ లేదు. మరి నాన్నమ్మ వేలు?

వెళ్ళి ఆమె పక్కన కూర్చుని, ఏమీ అడగకుండా చెయ్యి పట్టుకుని చూసింది. చిటికెన వేలి కొస ఎర్రగా కంది, చిన్న బొబ్బ లేచి ఉంది.

"కాలలేదా, నాన్నమ్మా?"

నాన్నమ్మ చెయ్యి లాక్కుంది.

"ఈ మధ్య వేళ్ళు తిమ్మిరెక్కినట్టు ఉంటున్నాయే. ముసలితనం, ఇంకేముంటుంది? మీ అమ్మకి మాత్రం చెప్పకు. చెప్తే నన్ను స్టవ్వు దగ్గరికి రానివ్వదు. అది కూడా లేకపోతే ఈ ఇంట్లో నాకూ ఆ కుర్చీకీ తేడా ఏముంటుంది చెప్పు."

"చెప్పను."

"ఒట్టు?"

"ఒట్టు."

మర్నాటి నుంచి వేలు పిల్లిది, మిగతాదంతా నాన్నమ్మది. పిల్లి వేలు ముంచి తల అడ్డంగా ఊపితే నాన్నమ్మ ఆగుతుంది. నిలువుగా ఊపితే, తోడును కాసిని పాలల్లో ఉండలు లేకుండా చిలికి, గిన్నెలో పోసి ఒక్కసారి కలుపుతుంది. మూత పెట్టి, పాత తువ్వాలు చుట్టి, స్టవ్వు పక్క మూలలో పెడుతుంది. ఇక ఎవరూ దాన్ని కదపకూడదు.

పొద్దున మూత తీస్తే పెరుగు నున్నగా, పలకలా ఉంది. చెంచా దింపితే గుంట గుంటగానే నిలిచింది. అమ్మ చూసి, "హమ్మయ్య, మీ చెయ్యి మళ్ళీ దారిలో పడింది అత్తయ్యా!" అంది. నాన్నమ్మ చిన్న గిన్నె నిండా పెరుగు పెట్టించి పక్కింటికి తనే పట్టుకెళ్ళింది. పిల్లి లోపల్లోపల ఎంత పొంగిపోయిందంటే, ఆ రోజు బడిలో ఎవరూ అడగకుండానే ఒక ప్రశ్నకు చెయ్యెత్తింది.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. సాయంత్రం బడి నుంచి వస్తుంటే వీధి మలుపులో, మందుల షాపు మెట్ల దగ్గర ఒక చెప్పు పడి ఉంది. నీలం రంగు పట్టీ, మడమ దగ్గర తెల్లదారంతో కుట్టు. పిల్లి దాన్ని గుర్తుపట్టి చేతిలో పట్టుకుని ఇంటికి పరుగెత్తింది. నాన్నమ్మ వరండాలో కూర్చుని ఉంది. ఒక కాలికి చెప్పు ఉంది. రెండో కాలు ఉత్తదే.

"నీ చెప్పు దారిలో పడిపోయింది నాన్నమ్మా."

"నా చెప్పా?" నాన్నమ్మ వంగి తన కాళ్ళ వైపు చూసుకుంది. మొహం పాలిపోయింది. "అరె... ఎప్పుడూడిందో!"

వీధి పొడవునా గులకరాళ్ళు. ఆ రాళ్ళ మీద ఉత్తకాలితో నడిచి వచ్చి, ఆ సంగతే ఆమెకు తెలియలేదు. పిల్లి ఆమె కాలు ఎత్తి చూసింది. పాదం అడుగున గాయం. ఇవాళ్టిది కాదు, పాతదే. అంచులు తెల్లబడి, మధ్యలో చీము పట్టి ఉంది.

"ఏముందే అక్కడ?" నాన్నమ్మ మామూలుగా అడిగింది.

పిల్లి ఆ కాలిని మెల్లగా కింద పెట్టింది. పెరుగు బాగా పేరుకుంటోందని అమ్మ నిశ్చింతగా ఉంది. అది పేరుకుంటోంది కాబట్టే ఎవరూ ఇంకేమీ అడగడం లేదు. ఆ నిశ్చింత తన వేలి చలవే అని తెలిసేసరికి పిల్లికి ఏడుపొచ్చింది.

చెప్పును గుమ్మం దగ్గర పెట్టి, వచ్చిన దారినే లాండ్రీకి వెళ్ళింది.

అక్కడికి ఒంటరిగా ఎప్పుడూ వెళ్ళలేదు. లోపలంతా ఆవిరి, సబ్బు వాసన. బల్లల వరస వెంట ఆడవాళ్ళు దుప్పట్లు మడత పెడుతూ గట్టిగా మాట్లాడుకుంటున్నారు. అమ్మ తడివేలితో ఇస్త్రీపెట్టె అడుగును చుయ్‌మని తాకి చూసి, చొక్కా కాలరు మీద నడిపిస్తోంది. పిల్లి ఆ వేలినే చూస్తూ నిలబడిపోయింది.

"నువ్వేంటే ఇక్కడ? ఏమైంది?"

పక్కబల్ల ఆవిడ, "మీ పిల్లి చేపల బజారనుకుని వచ్చినట్టుంది" అని నవ్వింది. మిగతావాళ్ళూ నవ్వారు. మామూలుగానైతే పిల్లి అక్కణ్ణుంచే వెనక్కి పారిపోయేది.

"అమ్మా, పెరుగు నేనే తోడేస్తున్నాను."

"వేస్తే వేశావు, దానికోసం ఇంత దూరం..."

"నాన్నమ్మకి వేడి తెలియట్లేదు. వేలు కాలినా తెలియలేదు. కాలు కూడా. కాలికి పుండు పడిందమ్మా, చూసుకోలేదు."

అమ్మ చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. చొక్కా కమురు వాసన వచ్చేదాకా ఆమెకు దాన్ని ఎత్తాలని తోచలేదు.

ఆసుపత్రిలో డాక్టరు పుండు కడిగి కట్టు కట్టింది. ఎప్పట్నుంచో ఉన్న షుగరు నరాలను తినేస్తోందని, మందులు మార్చాలని, కాలు కింద ఆనించకూడదని చెప్పింది. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే ఏమయ్యేదో నాన్నను పక్కకు పిలిచి చెప్పింది. స్టవ్వు దగ్గరికి వెళ్ళొద్దని మాత్రం నాన్నమ్మకు ఎదురుగానే చెప్పింది.

ఇంటికి వచ్చాక నాన్నమ్మ కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. అమ్మతో మాట్లాడింది, నాన్నతో మాట్లాడింది. పిల్లితో మాట్లాడలేదు. మందూ నీళ్ళూ తెచ్చిస్తే తీసుకుని మొహం తిప్పేసుకునేది. పిల్లి పొద్దున పెరుగు వేసి ఇస్తే రుచి ఎలా ఉందో కూడా చెప్పకుండా తినేది. ఒట్టు వేసింది తనే, తీసి గట్టున పెట్టింది తనే. పిల్లి గిన్నె కడుక్కునేది.

ఒక సాయంత్రం అమ్మ ఇంకా రాలేదు. పాలు దించి గట్టు మీద పెట్టి పిల్లి నిలబడి ఉంది. వెనక కుర్చీలోంచి గొంతు వినిపించింది.

"ఆరాయా?"

పిల్లి ఉలిక్కిపడింది. "తెలియట్లేదు" అంది. అది అబద్ధం.

గిన్నె పట్టుకుని కుర్చీ దగ్గరికి వెళ్ళింది. ఆమె వేళ్ళ వైపు చూసింది. చెంచాతో పాలు తీసి, ముందు తన చేతి మీద ఒక చుక్క వేసుకుని చూసుకుంది. కాలలేదు. అప్పుడు నాన్నమ్మ మణికట్టు మీద ఒక చుక్క వేసింది.

"ఏమీ లేదే."

కాస్త పైన ఇంకో చుక్క.

"ఊహూఁ."

ఇంకా పైన. నాన్నమ్మ తల అడ్డంగా ఊపింది. ఇద్దరికీ భయం వేసింది. మోచేతి మడతలో వేసిన చుక్కకు మాత్రం నాన్నమ్మ కళ్ళు మూసుకుంది.

"ఆ... తెలుస్తోంది. ఇంకొంచెం ఆరనీ."

ఇద్దరూ ఆగారు. పిల్లి మళ్ళీ ఒక చుక్క వేసింది.

"ఇప్పుడు వెయ్యి" అంది నాన్నమ్మ.

పిల్లి తోడు చిలికి, పోసి, ఒక్కసారి కలిపి, మూత పెట్టి తువ్వాలు చుట్టింది. తిరిగి వచ్చి, నాన్నమ్మ చేతి మీద మణికట్టు నుంచి మోచేతి దాకా వరసగా నిలిచిన పాలచుక్కల్ని తుడవబోయి ఆగింది. తిమ్మిరి అంత దూరం పాకిందని డాక్టరుకు తెలియదు, అమ్మకూ తెలియదు.

"ఇది కూడా చెప్తావా?" నాన్నమ్మ అడిగింది.

"చెప్తాను."

నాన్నమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పిల్లి ఆమె కొంగు అంచుతో ఒక్కొక్క చుక్కే తుడిచి, అమ్మ అడుగుల చప్పుడు కోసం గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది.