చీపురు బండి

సెప్టెంబరు ఆఖరి ఆదివారం సైకిళ్ల వెనక చీపురు బండి నడపడం ఒబ్దూలియాకు ఇది ఇరవై రెండో ఏడు. పాత తెల్ల వ్యాను. దాని నెత్తిన ఇల్లూడ్చే చీపురు ఒకటి తలకిందులుగా కట్టి ఉంటుంది. తొర్రల్వియాలో బయల్దేరి, ఆరు ఊళ్లు తిరిగి, కనుమ ఎక్కి దిగి, నూట ముప్ఫై కిలోమీటర్లు తొక్కి మళ్లీ తొర్రల్వియా చేరడమే ఆ సైకిళ్ల చుట్టు. మొదట వచ్చినవాడికి బహుమతి లేదు. ఆఖరున వచ్చేవాడి వెనక మాత్రం ఒబ్దూలియా ఉంటుంది.

ప్రతి ఊరికీ ఒక వేళ ఉంది. ఆ వేళకు బండి ఆ ఊరి నడుమ తొట్టిలో పడే నీటి ధార దగ్గరికి చేరి తీరాలి. దారిలో ఎవరు తగిలినా రెండుసార్లు హారను కొట్టి ఆపి, వీపుకు పిన్నీసులతో గుచ్చుకున్న నంబరు కాగితం తీసుకుని, మనిషినీ సైకిలునూ ఎక్కించుకోవాలి. బండి దాటాక వెనక వచ్చే మోటారు సైకిలు పోలీసు రోడ్డును లారీలకు, ట్రాక్టర్లకు వదిలేస్తాడు.

చర్చి గంట తప్పినా ఒబ్దూలియా తప్పదని ఆ చుట్టుపక్కల పేరు. నిరుడు ఒక బడిపంతులు ఊరి బోర్డు కనిపించేంత దగ్గరికి వచ్చి, నిమిషం ఆలస్యమై బండికి చిక్కాడు. రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాడు. ఆమె అతనికి గ్లాసెడు వేడి చారు పోసి ఇచ్చింది, పక్కన కూర్చుని మంచి మాటలూ చెప్పింది. నంబరు మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఒకరికి నిమిషం ఇస్తే రెండోవాడికి రెండివ్వాలి, ఆ తరవాత వేళ అన్నదానికి అర్థమే ఉండదని ఆమె లెక్క.

ఈ ఏడు ఆఖరివాడు ఆమె భర్త ఎమెతేరియో.

ఇరవై ఆరేళ్ల కిందట స్నేహితుడు సెరాపియోతో కలిసి ఈ చుట్టు మొదలుపెట్టింది అతనే. అందుకే ఒకటో నంబరు ఎప్పుడూ అతనిదే. ఒకప్పుడు రెండొందల మంది తొక్కేవారు. ఈసారి నలభై ఒక్కరు. పొద్దున బయల్దేరేటప్పుడు సెరాపియో అతని భుజం తట్టి, "ఈ ఏడు పెళ్లాం బండెక్కుతావేమో, కడిగి ఉంచమన్నాలే," అన్నాడు. "తన బండెక్కాలంటే ముందు తను నన్ను పట్టుకోవాలి కదరా," అన్నాడు ఎమెతేరియో. అందరూ నవ్వారు. ఒబ్దూలియా థర్మాసు మూత గట్టిగా బిగించింది.

మూడు రోజుల ముందు, గురువారం మధ్యాహ్నం, సోరియా పట్నం నుంచి డాక్టరమ్మ ఫోను చేసింది. ఎమెతేరియో కొట్టంలో సైకిలు గొలుసుకు నూనె వేసుకుంటున్నాడు. పరీక్షల్లో అతని గుండె బాగా నీరసించినట్టు తేలిందని, సోమవారం ఇద్దరూ రావాలని, అంతవరకు మేడమెట్లు కూడా ఎక్కనివ్వవద్దని ఆవిడ చెప్పింది. ఇక సైకిలు సంగతి మరిచిపొమ్మంది. ఒబ్దూలియా ఫోను పెట్టేసి కొట్టం గుమ్మం దాకా వెళ్లింది. అతను చక్రాన్ని చేత్తో తిప్పి, అది తిరిగే చప్పుడు చెవి ఒగ్గి వింటున్నాడు. ఆమె వెనక్కి వచ్చి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది.

రెండు రాత్రులు ఆలోచించి ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. వేసవంతా అతను వెనకబడుతూనే ఉన్నాడు. మొదటి ఊరికే వేళ తప్పుతాడు. అందరినీ ఆపినట్టే అతన్నీ ఆపుతుంది. ఆపింది గడియారం, భార్య కాదు. ఆ చేదు అతను ఆదివారం మింగితే, సోమవారం డాక్టరు చెప్పేది చెబుతుంది. ఎటు తిప్పి చూసినా ఆమెకు ఇందులో లోపం కనిపించలేదు.

కాని మొదటి ఊరి దాకా గాలి వెనకనుంచి తోసింది. ముందువాళ్లు నలుగురు అతన్ని మధ్యలో పెట్టుకుని, గాలి తగలకుండా తీసుకుపోయారు. మధ్యలో ఉన్న గుట్ట మీద అతని వీపు అటూ ఇటూ ఊగుతుంటే ఆమె వెనకనుంచి చూసింది. రెండు నిమిషాలు ముందే అతను ఊరు దాటాడు. దాటుతూ, వెనక్కి తిరక్కుండానే ఆమెకు చెయ్యి ఊపాడు.

రెండో ఊరు ఫ్వెంతెసెకా. అక్కడి వేళ పన్నెండూ నలభై. ఊరు దాటగానే కనుమ, తొమ్మిది కిలోమీటర్ల ఎక్కుడు.

ఆకాశం బూడిదరంగులో కిందికి దిగి ఉంది. కోతలైన గోధుమ మళ్లలో మోళ్లు తప్ప ఏమీ లేవు. ఇంకా కోయని పొద్దుతిరుగుడు చేలల్లో పూలన్నీ నల్లగా మాడి, తలలు వేలేసి నిలుచున్నాయి. రోడ్డు మలుపు తిరగడంతో గాలి ఎదురైంది. ఆ నలుగురూ కాసేపు ఆగి చూశారు, తరవాత వాళ్ల వేళ వాళ్లు చూసుకోవాలి గనక సాగిపోయారు. బూడిద ఆకాశం కింద ఎమెతేరియో ఒక్కడు, అతని వెనక నూరు గజాల్లో వ్యాను.

పన్నెండూ నలభైకి అతను ఇంకా ఊరి పొలిమేరలో, ధాన్యం గోదాము దగ్గర ఉన్నాడు. నీటి ధార ఇంకా ముప్పాతిక కిలోమీటరు. ఒబ్దూలియా చెయ్యి హారను మీద పెట్టింది.

అతను సీటు మీంచి లేచి నిలబడి తొక్కుతున్నాడు. అలిసిపోతే అతని కుడి మోకాలు బయటికి వంగుతుంది. అది ఆమెకు పెళ్లికి ముందునుంచీ తెలుసు. తను ఉతికి ఆరేసిన చొక్కాయే, వీపు మీద ఇంత వదులుగా ఎప్పుడైందో గమనించలేదు. ఇప్పుడు హారను కొడితే ఆ కాళ్లు మళ్లీ తొక్కవు. ఇక కిటికీ పక్కన కుర్చీ ఉంటుంది, మందులుంటాయి.

చెయ్యి హారను మీదే ఉంది. నొక్కలేదు. బండిని ఇంకా నెమ్మది చేసింది. అతను ఒకసారి వెనక్కి చూశాడు. కాస్త దూరం పోయి మళ్లీ చూశాడు.

వాకీటాకీలో, ముందు కారులో పోతున్న సెరాపియో గొంతు వచ్చింది. "ఒబ్దూ, ఫ్వెంతెసెకా దాటావా?"

"దాటుతున్నా."

"దాటుతున్నావా, దాటావా? నీ నోట ఇలాంటి మాట నేనెప్పుడూ వినలేదే."

ఆమె వాకీటాకీ పక్కన పెట్టేసింది. ముందు, ఊరి కప్పుల మీదుగా కనుమ కనిపిస్తోంది. సగం నుంచి పైన పొగమంచు కప్పేసింది. దాన్ని చూశాక గాని తను ఏం చేస్తున్నదీ ఆమెకు పూర్తిగా తెలిసిరాలేదు. మెట్లు కూడా వద్దన్న మనిషిని ఆ కొండ మీదికి పంపడానికి వేళ పెంచుతోంది.

నీటి ధార దగ్గర బల్ల వేసుకుని నీళ్లూ ఎండు అత్తిపళ్లూ ఇచ్చే గుమెర్సిందా అప్పటికే బల్ల మడిచేసింది. వ్యాను ఆగగానే చర్చి గోడ మీది గడియారం వంక, ఒబ్దూలియా వంక చూసి, "ఏమ్మా, నీ గడియారానికి కూడా వయసైపోయిందా?" అంది. పోలీసు మోటారు సైకిలు పక్కకు తెచ్చి, వెనక పదకొండు లారీలు ఆగి ఉన్నాయి, ఏం చేయమంటారమ్మగారూ అని మర్యాదగా అడిగాడు. ఒక్క నిమిషం అందామె.

ఎమెతేరియో నీళ్లు తాగలేదు. కనుమ వైపు తిరగనూ లేదు. సైకిలు నడిపించుకుంటూ వచ్చి వ్యాను కిటికీ మీద మోచెయ్యి పెట్టి నిలబడ్డాడు. పెదవుల చుట్టూ రంగు లేదు. ఊపిరి అందేదాకా ఆగి, తక్కువ గొంతుతో మాట్లాడాడు.

"నలభైకి నేను గోదాము దగ్గరున్నా. పిన్నీసు మీద చెయ్యి కూడా వేశా, ఇప్పుడు కొడతావు హారను అని. కొట్టలేదు."

"గాలి ఎదురుగా ఉందని…"

"ఆ పంతులికీ ఎదురుగానే ఉంది."

ఆమె ఇంజను ఆపింది.

"ముప్ఫై తొమ్మిదేళ్లుగా చూస్తున్నా నిన్ను. నాకు జ్వరమొచ్చినా ఆదివారం చర్చి పూజకు ఐదు నిమిషాలు ముందే లేపి తీసుకెళ్లావు. ఇవాళ నాలుగు నిమిషాలు ఇచ్చావు." అతను కిటికీలోకి వంగాడు. "డాక్టరు ఏమంది?"

ఆమె చెప్పింది. ఏ మాటా మెత్తబరచకుండా, ఫోనులో విన్నది విన్నట్టు చెప్పింది. మెట్ల సంగతి కూడా. గుమెర్సిందా అటు తిరిగి గ్లాసులు కడుక్కుంటోంది.

"ఎప్పుడు చెప్పింది?"

"గురువారం."

"అయితే పొద్దున గుట్ట ఎక్కేటప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

"అక్కడ పడిపోయుంటే?"

"మొదటి ఊళ్లోనే వేళ తప్పుతావనుకున్నా. గడియారమే ఆపుతుందని…"

"గడియారం మీద పెట్టావు," అన్నాడతను. "నాకొక్క మాట చెప్పలేకపోయావు."

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే ఆమె ఏదో ఒకటి బదులు చెప్పేది.

అతను చేతులు వెనక్కి పెట్టి నాలుగు పిన్నీసులూ తానే తీశాడు. ఒకటి జారి నీటి తొట్టి పక్కన పడింది. దాని కోసం వంగలేదు. ఆమె దిగి సైకిలు పట్టుకోబోతే వద్దన్నాడు. వెనక తలుపు తీసి, తానే ఎత్తి లోపల పెట్టి, వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. కూర్చున్నాక చాలాసేపు కళ్లు మూసుకుని ఊపిరి తీసుకున్నాడు. ఆమె థర్మాసు మూత విప్పి చారు పోసింది. అతను గ్లాసు అందుకున్నాడు, తాగకుండా మోకాళ్ల మధ్య పట్టుకున్నాడు.

వాకీటాకీ మళ్లీ పలికింది. ఒబ్దూలియా చెయ్యి చాచేలోగా అతనే తీసుకున్నాడు.

"సెరాపియో, నేను. ఆఖరివాడు బండెక్కాడు. ఫ్వెంతెసెకాలో. పన్నెండూ నలభై నాలుగు."

అవతల సెరాపియో, ఎప్పుడూ లేనంత మెల్లగా, "సరే. రోడ్డు వదిలేయమంటాను," అన్నాడు.

ఎవరు ఎక్కినా, ఎక్కకపోయినా చీపురు బండి చుట్టు పూర్తి చెయ్యాలి. ఆమె బండి కదిలించింది. ఊరు దాటి కనుమ మొదలైంది. మొదటి మలుపు దగ్గర వెనకనుంచి లారీలు ఒక్కొక్కటే హారను కొడుతూ వచ్చాయి. ఆమె పక్కకు తీసి ప్రతిదానికీ దారిచ్చింది. పొగమంచులోకి వెళ్లగానే దీపాలు వేసింది. అతను కిటికీ వైపు ముఖం తిప్పుకుని, ఏమీ కనిపించని చోటికి చూస్తూ కూర్చున్నాడు.

వెనక సైకిలును సరిగా కట్టలేదు. మలుపు వచ్చినప్పుడల్లా అది జారి ఇనుప గోడకు తగులుతోంది. ఆపి కట్టుకుందామని ఇద్దరిలో ఎవరూ అనలేదు.