కుడి పెడల్

చేత్తో నెడితే కదిలేది కాలితో తొక్కితే ఎందుకు కదలదు, ఇనుముకు చెయ్యంటే ఇష్టం, కాలంటే పగ ఉంటుందా ఏమన్నా, పొద్దుటినుంచి ఇదే తంతు, ఎడమ పెడల్ తొక్కితే టీవీలు బాగుచేసే అంతయ్య ఇచ్చిన మీటర్లో ముల్లు ఆ చివరికి పోతుంది, కుడిది తొక్కితే ఉలకదు పలకదు, నడుమనే నిలబడుతుంది, రెండుసార్లు విప్పాను, రెండుసార్లు బిగించాను, బయటికి తీసి నేల మీద పెట్టి చేత్తో నెడితే బుద్ధిగా పోతుంది, మళ్లీ ముందింట్లో మా బాపు పాత మగ్గం గుంటలోకి దించి కాలు పెట్టగానే మొండికేస్తుంది, విమానం సామానైనా మా కరెంటు మగ్గాల సాంచెల లాంటిదే, మిస్త్రీ ఎదురుగా ఉన్నంతసేపు చక్కగా నడిచి అటు తిరగ్గానే పోగులు తెంపుతుంది. కోపం రావాలి, రావడం లేదు, ఈ మధ్య నాకు ఏదీ రావడం లేదు.

విమానం అంటే నిజం విమానం కాదు, కంప్యూటర్లో మా సారు కూతురు వసుధ ఆడే విమానం, ఆడేది అంటే ఆ పిల్లకు మండుతుంది, ఆట కాదు కాకా, నేర్సుకునుడు అంటుంది, కరీంనగర్‌లో వాళ్ల మేడ మీద టీవీ లాంటి డబ్బా ముందు కూర్చుంటే తెర మీద విమానం ఉరికే దారి వస్తుందట, చేతిలో ఒక కర్ర, కాళ్ల కింద ఈ రెండు పెడళ్లు, బొంబాయి చుట్టమెవరో వాడి వదిలేసినవి, కుడికి తొక్కితే తిరుగుతలేదు కాకా, లేవకముందే గడ్డిల వడ్తున్న, మంగళారం హైదరాబాద్‌ల సెలక్షన్, పైలెట్ సదువుకు, బాపు ఒక్కసారే పోనిస్తడట, రాకుంటే బీఎడ్‌ల చేర్పిస్తడట అని గోనెసంచి నా ముందు దించి, బీఎడ్ అనే మాటకు ఏడుపుమొహం పెట్టింది, వాళ్ల బాపు కరుణాకర్‌రావు సారు వెనక నిలబడి నీ చేతికి లొంగని ఇనుము లేదు గదా అంబదాస్ అన్నాడు, ఆ మాట అనడానికి ఆయనకు నోరెలా వచ్చిందో, పద్నాలుగేళ్లు ఆయన షెడ్డులో సాంచెలు నా చేతికే లొంగాయి, తొంభై ఏడు దసరా దాటాక ఒక్కొక్క సాంచె తూకానికి పోయింది, పాత ఇనుప సామాను కింద, లారీ కదిలినప్పుడు నేసేవాళ్లంతా గోడ పట్టుకుని ఏడిచారు, నేను లారీకి తాడు సరిగ్గా కట్టారా లేదా చూస్తూ నిలబడ్డాను, ఏమనుకోకు అంబదాస్ అంటే ఏమున్నది సారూ అన్నాను, నిజంగానే ఏమీ లేదు, లోపల ఎవరో దీపం తీసేసి తలుపు దగ్గరికేసి పోయినట్టుంది. ఇంటికొచ్చి అన్నం కూడా కడుపునిండా తిన్నాను.

తప్పు దొరకలేదా అంటే మొదటి గంటలోనే దొరికింది, లోపల రేడియోలో చప్పుడు పెంచే బిళ్ల లాంటిదే ఉంది, దాని నల్లగీత కుడివైపు అరిగి తెల్లబడింది, అంతయ్య పాత రేడియో నుంచి అలాంటిదే పీకి ఇచ్చాడు, టంకం పెట్టాను, అంతటితో అయిపోవాలి, రెండు పెడళ్లూ ఒకే కడ్డీకి కట్టి ఉన్నాయి, ఒకటి ముందుకు పోతే ఇంకొకటి వెనక్కి వస్తుంది, మా బాపు మగ్గానికి తొక్కుడు చెక్కలూ అంతే, ఒకటి కిందికి పోతే ఒకటి పైకి, ఓహో విమానాలు నడిపేవాళ్లు కూడా సాలోళ్లే, నేతగాళ్లేనన్నమాట అనుకున్నాను, కుర్చీలో కూర్చుని తొక్కితే నాకు ఊపు రాదు, అందుకే ముందింట్లో గుంట మీది పలకలు తీసి, అందులో పడేసిన రంగు డబ్బాలు ఒక మూలకు జరిపి, అడుగున పెడళ్లు పెట్టి, అంచు మీద కూర్చుని కాళ్లు దించాను, మీటరు పక్కన పెట్టుకున్నాను, ఎనిమిదేళ్ల వయసులో కూర్చున్న చోటే, లోపల చీకటి, కాళ్లు కనబడవు, కనబడనక్కర్లేదు, కాళ్ల దిక్కు చూసెటోడు సాలోడు కాదుర, కన్ను బట్ట మీదుండాలె, కాలు దాని పని అది చేస్కుంటది అనేవాడు బాపు, తల వంచానా, పోగు నడిపే కట్టె నాడె తీసి నెత్తి మీద ఒక్కటిచ్చేవాడు, రాయమల్లు కొడుకు గుడ్డోడైనా నేస్తడు అని ఊరు అనుకునేదాకా కొట్టాడు, ఆయన పోయి పద్దెనిమిదేళ్లు, ఇప్పటికీ నెత్తి మీద ఆ చోటు తడుముకుంటాను. నలభై ఏళ్లలో ఒక్కసారి కిందికి చూడలేదు.

డాక్టరు కూడా చివరికి కాళ్ల దగ్గరికే వచ్చాడు, ఉగాదికి ముందు, షుగర్ బాగ ఎక్కువున్నది, కాళ్లు మొద్దువారుతయి, ముల్లు దిగినా తెల్వది, రోజు పొద్దుగాల అద్దం వెట్టి అరికాళ్లు చూస్కో అన్నాడు, నేను బయటికొచ్చి పకపకా నవ్వాను, పెండ్లిపిల్ల లెక్క అద్దంల కాళ్లు చూస్కునుడేందే అన్నాను నా పెళ్లాం కమలవ్వతో, ఆమె నవ్వలేదు, అంగట్లో చేతిలో పట్టేంత అద్దం కొని గోడకు మేకు కొట్టి తగిలించింది, నేను దాంట్లో తల దువ్వుకుంటున్నాను, పోయిన వారం అంగడి నుంచి వస్తుంటే వెనకనుంచి బీడీలు చేసే దేవవ్వ ఉరికొచ్చింది, చేతిలో చెప్పు, ఏం తమ్మీ, ఒంటి చెప్పుతోటి ఊరేగుతున్నవ్, పొద్దుగాల్నే కల్లేసినవా అని, చూస్తే నాదే, కుడిది, పట్టె వదులైంది అక్కా అని చెప్పి కుట్టించుకున్నాను, పట్టె వదులు కాలేదని చెప్పులు కుట్టే మొండయ్య అన్నాడు, అన్నా సరే కుట్టమన్నాను, కమలవ్వకు చెప్పలేదు, చెప్తే దవాఖానకు బస్సెక్కిస్తుంది, వసుధ పని కానియ్యి, తర్వాత చూద్దాం, ముందు ఈ మొండి ఇనుము సంగతి తేలాలి. అరిగిన చెప్పుకు కూడా కాలి మీద అలుగుడే.

మూడోసారి విప్పాను, బరువు పడితే ఎక్కడో పట్టేస్తోంది, అంతే, ఇంకేమీ లేదు, సాంచెల నూనె రెండు చుక్కలు వేశాను, పట్టేసే ప్రతిదానికీ ఒకటే మందు, అడుగు చట్రం అంచుకు ఉన్న రబ్బరు పట్టీ అడ్డమొస్తుంటే పీకి జేబులో వేసుకున్నాను, రేకు అంచు కొడవలిలా ఉంది, ఉండనీ, బిగించేటప్పుడు మళ్లీ పెడదాం, గుంటలోకి దించి కాళ్లు పెట్టాను, ఎడమ, ముల్లు పోయింది, శభాష్, కుడి, ఊఁ, కుడి, మోకాలికి తెలుస్తోంది, ఇనుము గట్టిగా ఎదురుతన్నుతోంది, తొడ బిగుసుకుంది, రెండు చేతులు అంచుకు ఆనించి ఒంటి బరువంతా వేశాను, పో, నీయవ్వ, పో, ముల్లు నడుమనే, సాయంత్రం బస్సుకు ఆ పిల్ల వస్తుంది, ఏం చెప్పాలి, కాకా చేత కాలేదు బిడ్డా, బీఎడ్ చెయ్యి అనాలా, సాంచెలు పోయాక నాకు మిగిలింది ఒక్కటే, బాగుచేస్తాడన్న మాట, అది కూడా పోతే అంబదాస్ అంటే ఏమిటి, షుగర్ ఉన్న ఒక మనిషి, ఇంకోసారి, కన్ను ముల్లు మీద, కాలు దాని పని అది చేసుకుంటుంది. ఎదురుతన్నుతూనే ఉంది.

కమలవ్వ చాయ తెచ్చి, గుంటలోకి వంగి, ఏందయ్యా అడుగున ఎర్రగ అంది, రంగు డబ్బా మూత లేచినట్టున్నది అన్నాను, బాపు చేతులు ఎప్పుడూ ఆ ఎరుపులోనే ఉండేవి, గోళ్ల సందుల్లో, అన్నంలో కూడా, రంగైతే గింత తడి ఉంటదా, ఎండిపోయి ఇరవై ఏండ్లాయె అని ఆమె గ్లాసు కింద పెట్టి, కొంగు దోపి గుంటలోకి దిగింది, దిగుతూ దేని మీదో కాలు మోపింది, ముల్లు కదిలింది, నా కళ్లు ముల్లు మీదనే ఉన్నాయి, సర్రున ఈ చివరికి, కుడి చివరికి పోయింది, ఉండు, ఎక్కడ తొక్కినవే అన్నాను, గిదే, కుడి పక్కది, మంచిగనే వోతుంది గదా, మరి నీ కాలు దాని మీద లేదు, పక్కన రేకు మీదున్నది, ఓయమ్మో, నెత్తురయ్యా, నెత్తురు, ఎప్పట్నుంచి తొక్కుతున్నవ్ గీ రేకును, నొస్తలేదా, ఆమె నా మడమ పట్టుకుని ఒడిలో పెట్టుకుంది, పట్టుకుందని మోకాలికే తెలుస్తోంది, మడమకు తెలియడం లేదు, నొస్తలేదా చెప్పవేందయ్యా, నొస్తలేదు.

నొస్తలేదు అన్న మాట నా నోటి నుంచే వచ్చి నా చెవిలోనే పడింది, పెడల్ పొద్దున్నే బాగైపోయింది, మొదటి టంకంతోనే, బాగైనదాన్ని మూడుసార్లు విప్పాను, నూనె పోశాను, తిట్టాను, వసుధ కుడికి తిరుగుతుంది, గడ్డిలో పడదు, రబ్బరు పట్టీ జేబులోంచి తీసి పెట్టేస్తే చాలు, చెడిపోయింది ఇనుము కాదు, నా కాలు, మొండయ్య చెప్పాడు, చెప్పు చెప్పింది, నేను పట్టె కుట్టించాను, ఇప్పుడు మాత్రం నాకు భయమేస్తోంది, లారీ కదిలిన నాడు రానిది ఇప్పుడు వస్తోంది, ముల్లు మీది నుంచి కళ్లు తీసి తల వంచాను, ఆమె ఒడిలో ఎవరిదో కాలున్నట్టు ఉంది, వేలి కింద తెగి తెరుచుకున్న చర్మం, ఆమె చీరంతా ఎరుపు, నెత్తి మీద నాడె పడలేదు, ఎవ్వరూ కొట్టలేదు. గోడకున్న ఆ అద్దం తేవే కమలా, రెండో కాలు కూడ చూద్దాం అన్నాను.