కోణం ఎవరిదో పేరు వాళ్లది

రామ్మోహనరావు గారికి కోణాల పిచ్చి. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే నెట్‌వర్క్ స్విచ్చులు అమ్మే ఓ కంపెనీ హైటెక్ సిటీ ఆఫీసులో, ఆరో అంతస్తులో, కంపెనీ వెబ్‌సైటుకు వ్యాసాలు రాయించే పెద్ద ఆయనే. పొద్దున్నే ఏఐ ముందు కూర్చుని "నెట్‌వర్క్ లూపుల మీద పది సరికొత్త కోణాలు ఇవ్వు" అని కొడతారు. అది ఇస్తుంది. వాటిని కిందివాళ్లకు ప్రసాదంలా పంచుతారు. వ్యాసం ఎవరు రాసినా పైన పేరు మాత్రం ఆయనదే. "కోణం ఎవరిదో పేరు వాళ్లదండీ. మిగతాదంతా టైపింగే కదా!" అంటారు.

ఆ లెక్కన నవనీత రెండేళ్లలో పదకొండు వ్యాసాలు టైపు చేసింది. లింగంపల్లిలో వాళ్లమ్మ ప్రతిదీ ఫోనులో తెరిచి, "ఇది గూడ ఆ రావు సారే రాసిండా?" అని అడిగేది. పాపం ఆవిడ అమాయకంగానే అడిగేది కానీ, నవనీతకు ఆ పూట అన్నం సహించేది కాదు. పన్నెండోది తన పేరుతోనే రావాలని పంతం పట్టింది.

ఈసారి ఆమె వంతుకు వచ్చిన కోణం, డేటా ప్యాకెట్ ఒక ఉత్తరం, స్విచ్చు ఒక పోస్ట్‌మాన్. పక్కసీటు ఓంకార్‌కు పోయిన నెల వచ్చిందీ అదే. నవనీతకు ఒళ్లు మండింది. ఏఐ తెరిచి వేరే రకంగా అడిగింది.

"నాకు కోణాలు ఇవ్వకు. నన్నే ప్రశ్నలు అడుగు, ఒక్కోసారి ఒక్కటే. నేను తప్పించుకోజూస్తే వదలకు."

"మీ సొంత ఆఫీసులో నెట్‌వర్క్ చివరిసారి ఎప్పుడు పడిపోయింది?" అని అడిగింది అది.

"శుక్రవారం. ప్రతి శుక్రవారం పడుతుంది."

"మిగతా రోజుల్లో లేనిది శుక్రవారం ఏముంటుంది?"

"క్యాంటీన్‌లో బిర్యానీ."

"బిర్యానీకి ముందు?"

ఏం మొండిదిరా నాయనా అనుకుంటూ నవనీత తల ఎత్తింది. ఆ రోజు శుక్రవారమే. అద్దాల అవతల మీటింగ్ గదిలో హౌస్‌కీపింగ్ ఎల్లమ్మ వారానికోసారి చేసే పెద్ద శుభ్రం చేస్తోంది. నేల తుడిచింది, కుర్చీలు సర్దింది. లాప్‌టాప్ కోసం గోడ నుంచి వేలాడుతున్న నీలం తీగ కొసను ముచ్చటగా తీసుకెళ్లి, పక్కనే ఖాళీగా ఉన్న ఇంకో సాకెట్లో గుచ్చింది. నవనీత ఒక్క ఉదుటున లేచింది.

"అక్కా, ఆ వైరు అండ్ల ఎందుకు పెట్టినవ్?"

"మరి గట్ల నేల మీద ఏలాడుతుంటే చూడనీకి మంచిగుంటదా బిడ్డా? ప్రతి శుక్రారం నేనే పెడత."

తీగ రెండు కొసలూ ఒకే స్విచ్చుకు తగిలితే, అందరి కోసం పంపిన సందేశం బయటపడే దారిలేక గుండ్రంగా తిరుగుతుంది, తిరిగినకొద్దీ పిల్లలు పెడుతుంది. నిమిషం తిరిగేలోపు నెట్‌వర్క్ చతికిలబడుతుంది, ఎవరో లాప్‌టాప్ కోసం ఆ కొస పీకేదాకా లేవదు. నవనీత కొస పీకేసింది. అయితే ఇలాంటి లూపును కనిపెట్టి ఆపే కాపలా ఏర్పాటు వీళ్ల ప్రతి స్విచ్చులోనూ ఉంటుంది. ఆ మాటే గొప్పగా చెప్పి స్విచ్చులు అమ్మే కంపెనీ ఇది. మరి ఇక్కడేమైంది? నెట్‌వర్క్ చూసే వీరేశాన్ని అడిగింది.

"బంద్ పెట్టించిన్రు మేడం" అన్నాడతను గొంతు తగ్గించి. "లాప్‌టాప్ కలపంగనే అర నిమిషం ఆగుతుందట, సార్‌కు ఓపిక లేదు. ఎందుకన్నా మంచిదని మెయిల్ దాచిన."

మెయిల్ కింద పేరు చూసి నవనీతకు నవ్వాగలేదు.

సాయంత్రానికి వ్యాసం పూర్తయింది. అందులో ఎవరి పేరూ లేదు. చూడముచ్చటగా ఉండాలని తీగ గుచ్చే ఒకావిడ, అర నిమిషం ఓర్చుకోలేక కాపలా తీయించిన ఒక పెద్దమనిషి, అంతే. రామ్మోహనరావు గారు చదువుతూ కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు.

"ఎవడండీ ఈ మహానుభావుడు! అద్భుతం నవనీత గారూ. పైన నా పేరు వేసి పంపేయండి."

"కోణం నేను పట్టిన సర్."

"ఏఐ లాగిన్ ఎవరి పేరున ఉందమ్మా? అందులోంచి ఏం వచ్చినా నాదే కదా!"

నవనీతకు ఏడుపు, కోపం ఒకేసారి వచ్చాయి. రెండూ దిగమింగి వినయంగా తల ఊపింది.

"అట్లనే సర్. మీ పేరే వేస్త. సాక్ష్యానికి జర ఈ మెయిల్ గూడ కింద పెడత."

ఆయన మెయిల్ చదివారు. కింద తన సంతకం దగ్గర ఆగారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

"ఇది మన ఆఫీసా?"

"మీటింగ్ గది సర్."

"అబ్బెబ్బే, నా పేరెందుకమ్మా! కష్టం మీది. మీ పేరే వేసుకోండి. మెయిల్ మాత్రం వద్దండీ, వ్యాసం పొడుగైపోతుంది."

నవనీత సంతోషానికి పట్టపగ్గాల్లేవు. సీటుకొచ్చి, పేరు కొట్టి, దాన్నే చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఏదో తోచి, చేతులు కడుక్కుంటున్న ఎల్లమ్మ దగ్గరకు వెళ్లింది.

"అక్కా, నీ పేరు గూడ వేయనా? వైరు పెట్టింది నువ్వేనని అందరికీ తెలుస్తది మరి."

"తెల్వనీ. పెట్టొద్దని నాకెవ్వరన్న చెప్పిన్రా? వెయ్యి బిడ్డా, ఇంటిపేరు మర్చిపోకు."

సోమవారం వ్యాసం బయటికొచ్చింది. పది నిమిషాల్లో రామ్మోహనరావు గారు నవనీతను పిలిచారు.

"మీ పేరు సరే. దాని పైన హౌస్‌కీపింగ్ ఆవిడ పేరెందుకండీ?"

"కోణం ఆమెది సర్" అంది నవనీత. "నాది టైపింగే."