ఎర్రదిమ్మ వచ్చే వేళ

రేవుమెట్ల పక్క గోడకు బిగించిన కొలబద్ద మీద పాచి పట్టిన అంకెలను గరుకు బ్రష్‌తో రుద్దుతూ ఆమె ఎనిమిదో మెట్టు మీద గొంతుక్కూర్చుంది. మోకాళ్లు కలుక్కుమన్నాయి. నీటి అంచు ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూసి, “ఒకటి ఎనభై తొమ్మిది” అని పైకే అనుకుంది. జాకెట్టులో దోపుకున్న పెన్సిలు తీసి పుస్తకంలో రాసింది. పొద్దున ఆరు గంటలు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. అంతకు ముందు ఈ పుస్తకం నాన్న చేతిలో ఉండేది. ఆయన పోయిన పన్నెండో రోజున నీటిపారుదల ఆఫీసువాళ్లు వచ్చి, “చదవడం వచ్చా?” అని అడిగారు. “అంకెలు వచ్చు” అంది. మిగతా అక్షరాలు ఆ తర్వాత తనే కూడబలుక్కుని నేర్చుకుంది.

ఇంటికెళ్లి తల దువ్వుకుంటుంటే తమ్ముడి భార్య వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“ఏంటి వదినా, ఆ బట్టలు పెళ్లిళ్లకు తప్ప బయటికి తియ్యవు కదా? నదికి సంబంధం కుదిరిందా?”

“నోర్ముయ్యి. ముగ్గురికి కాదు, నలుగురికి వండు.”

“ఆ ఫోనాయన నిజంగా వస్తున్నాడా? ఇన్నేళ్లూ గొంతు తప్ప మనిషి లేడేమో అనుకున్నా!”

ఆమెకు నవ్వొచ్చింది. నిజానికి తనకూ అప్పుడప్పుడూ ఆ అనుమానం వచ్చేది.

ఊళ్లో ఒక పెద్ద రాతి వంతెన ఉంది. పదకొండు కమానులు. కింద చుక్క నీరు ఉండదు. కొత్తగా వచ్చినవాళ్లు ఇంత వంతెన ఎందుకు కట్టారని నవ్వుతారు. అమ్మ కాపురానికొచ్చిన ఏడాది, తొమ్మిది రోజుల వరదలో, నది ఆ కమానులను వదిలేసి మైలు దూరం జరిగి కొత్త దారి పట్టింది. అమ్మ పుట్టిల్లు అవతలి గట్టున పడింది. వాళ్లమ్మను చూడటానికి అమ్మకు ఐదు నెలలు పట్టింది. ఇప్పుడు ఆ కమానుల కింద సైకిళ్లు బాగుచేసేవాళ్లు, వడ్రంగులు కొట్లు పెట్టుకున్నారు. ఆమె వడ్రంగిని అడిగి ఒక కుర్చీ తీసుకుంది.

“ఎవరికమ్మా?”

“మా ఎగువన్నకు. తొమ్మిది గంటలు బస్సులో వస్తున్నాడు. మెట్ల మీద కూర్చోబెడతానా?”

కుర్చీని తలమీద పెట్టుకుని రేవుకు నడిచింది.

ఎగువన్న నది పైభాగంలో, కొండల కింద ఇలాగే కొలబద్ద చూసే మనిషి. రోజూ పన్నెండింటికి ఫోన్ చేసి అక్కడి మట్టం చెప్తాడు. అక్కడి నీరు ఇక్కడికి చేరేలోగా ఊరు సర్దుకోవాలంటే ఆ అంకే ఆధారం. నది గురించి ఆమెకు తెలిసిందంతా రేవుగది గోడ మీది పటం వల్ల సగం, ఆయన వల్ల సగం. ఎక్కడో బండ కింద చెంబెడు నీళ్లుగా పుడుతుందనీ, మేకపిల్ల కూడా దాటేస్తుందనీ ఆయనే చెప్పాడు. ఎర్ర ఏరూ నల్ల ఏరూ వచ్చి కలిశాక కూడా రెండు రంగులూ నాలుగు మైళ్లు పక్కపక్కనే పోతాయట, మాటల్లేని మొగుడూ పెళ్లాల్లా. ఈ ఊరు దాటాక సముద్రానికి మరో మూడు రోజుల దారి.

ఏడాదికోసారి, నీళ్లు తేటపడ్డాక, ఎగువన్న ఒక ఎర్రరంగు చెక్కదిమ్మను నదిలో వదులుతాడు. నీరు ఎన్ని గంటల్లో దిగుతుందో చూడటానికి. దారిలో ఎక్కడైనా చిక్కుకుంటే చేపలు పట్టేవాళ్లు తెడ్డుతో మళ్లీ వాలులోకి తోస్తారు. దాన్ని ఆమె కొక్కెం గడతో పట్టుకుని, వేళ రాసి, గోనెగుడ్డలో చుట్టి ఎగువకు వెళ్లే బస్సు డ్రైవరు చేతికిస్తుంది. ఇన్నేళ్లూ అదే దిమ్మ. అడుగున ఆయన పెన్సిలుతో ఏదో ఒక మాట రాసేవాడు. ‘మా నీళ్లు జాగ్రత్త’ అనో, ‘దిగువమ్మకు జలుబు తగ్గిందా’ అనో.

ఈ నెలాఖరుతో ఆయన ఉద్యోగం అయిపోతుంది. ఇదే ఆఖరి దిమ్మ.

“దిగువమ్మా, వదిలేశాను,” అన్నాడు నిన్న ఫోన్‌లో. “సరిగ్గా పన్నెండు.”

“మీ నీళ్లు ఎప్పుడైనా చెప్పిన టైముకి వచ్చాయా ఎగువన్నా? దారిపొడుగునా కబుర్లు చెప్పుకుంటూ వస్తాయి, మీలాగే.”

“రేపు చూడు. ఐదున్నర బస్సెక్కుతున్నా. దిమ్మ కంటే ముందు నేనే దిగుతా. పందెం.”

“ఓడిపోతే?”

“నీళ్లలో దూకి ఈదుకుంటూ ఇంటికి పోతా.”

“ఎదురీతా? ఈ వయసులోనా?”

పగలబడి నవ్వాడు. నవ్వాక, “నన్నెలా గుర్తుపడతావమ్మా?” అన్నాడు.

“నోరు తెరిస్తే చాలదూ?”

బస్సు రెండున్నరకు వస్తుంది. దిమ్మకు ఇరవై ఏడు గంటలు, అంటే మూడు. అరగంట తేడా. బస్సు ఎక్కడైనా చెడిపోతుందేమోనని ఆమెకు పొద్దుటి నుంచీ గుబులుగానే ఉంది. కుర్చీని నీడలో వేసింది. ఎండ జరుగుతుందని మళ్లీ కొంచెం పక్కకు జరిపింది.

పన్నెండింటికి రేవుగదిలో ఫోన్ మోగింది. అలవాటుగా పెన్సిలు తీసి, ఆయన బస్సులో ఉండాలి కదా అనుకుంటూనే ఎత్తింది.

“దిగువమ్మ గారేనా?” ఆడగొంతు. “రెండు మీటర్ల ముప్పై నాలుగు.”

ఆమె రాసుకుంది. “మీరు...”

“వాళ్లావిడ్ని. పన్నెండింటికి తను బస్సులో ఉంటాడనీ, నన్ను చూసి చెప్పమనీ రాత్రే అంకెలు నేర్పాడు. సరిగ్గానే చూశానా?”

“బాగా చూశారు వదినగారూ. బస్సు టైముకే బయల్దేరిందా?”



“ఆయన ఎక్కలేదమ్మా. ఐదింటికి బూట్లు వేసుకుంటూ అలాగే ఒరిగిపోయాడు. ఒక బూటు వేసుకున్నాడు. రెండోది చేతిలోనే ఉంది. డాక్టరొచ్చి చూసి, అయిపోయిందన్నాడు.”

“లేదండీ,” అంది ఆమె. తన గొంతు తనకే మామూలుగా వినిపించింది. “మీరు పొరపాటు పడుతున్నారు. దిమ్మ ఇంకా రాలేదు.”

“ఏమిటమ్మా?”

“దిమ్మ ఇంకా రానేలేదు. మూడింటికి కదా వచ్చేది.”

అవతల ఆవిడ ఏడ్వడం మొదలుపెట్టాక గానీ తను ఏమందో ఆమెకు తెలియలేదు.

ఫోన్ పెట్టేసి మెట్లు దిగింది. ఇక్కడి మట్టం చూసింది. ఒకటి ఎనభై ఎనిమిది. రాసింది. ఏడుపు రాలేదు. ఒళ్లంతా చెక్కలా బిగుసుకుపోయి, లెక్క మాత్రం దానంతటదే సాగింది. తెల్లవారుజామున ఐదింటికి ఆయన ముంగిట పారిన నీళ్లు రేపు ఉదయం ఎనిమిదింటికి గానీ ఇక్కడికి రావు. ఇప్పుడు ఈ మెట్లను తడుపుతున్నవి నిన్నటివి. ఇవి పారిన వేళకు ఆయన గట్టున కూర్చుని పెన్సిలు చెక్కుకుంటూ ఉన్నాడు.

రెండున్నరకు బస్సు హారను వినిపించింది. తలతిప్పి చూడకూడదనుకుంది. చూసింది. సంచులు మోసుకుంటూ నలుగురు దిగారు. బస్సు వెళ్లిపోయింది.

మూడు దాటి పది నిమిషాలకు వంపు దగ్గర ఎర్రగా ఏదో మెరిసింది. మునుగుతూ తేలుతూ, తొందరేమీ లేనట్టు, మధ్యపాయలో వచ్చింది. ఆమె మోకాలి లోతు దిగి గడ చాపింది. మొదటిసారి తప్పింది. రెండోసారి కొక్కెం పడింది. లాగి, మూడు పన్నెండు అని రాసి, దిమ్మను తిరగేసింది.

పెన్సిలు గీతలు చెక్కలోకి దిగేలా ఒత్తి రాశాడు. తడిలోనూ చెరగలేదు.

‘దీన్ని తర్వాత చదువుదువు గానీ, ముందు పక్కకు చూడు.’

ఆమె పక్కకు చూసింది.

నీడ జరిగిపోయి కుర్చీ ఎండలో ఉంది.

అలవాటుగా గోనెగుడ్డ తీసింది, మడత విప్పింది, ఎవరికి పంపాలో తోచక మళ్లీ మడిచేసింది. దిమ్మను తీసుకెళ్లి కుర్చీలో పెట్టి, సాయంత్రం ఆరింటి మట్టం కోసం మెట్టు మీద కూర్చుంది. దిమ్మ నుంచి కారిన నీళ్లు కుర్చీకాలి వెంట దిగి, మెట్టు మెట్టుకీ ఆగుతూ, నదిలోకి పోతున్నాయి.